సమాధి గోడ మీద పరిగె పిల్లలు

విజయకుమారి రుబ్బురోలు ముందు కూర్చుని గారెల పిండి రుబ్బుతోంది. కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, ఎడమచేత్తో పప్పు లోపలికి తోస్తూ, ఒక చెవి మాత్రం వీధిగదిలోకి పడేసింది. అక్కడ ఆమె భర్త ప్రకాశరావు మాట్లాడుతున్నాడు. ఈస్టరుకి యెరూషలేం వెళ్ళి, దారిలో ఐగుప్తు కూడా చూసుకుని వచ్చిన దగ్గర్నుంచీ, ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలోవాళ్ళు ఎవరో ఒకరు కొత్తపేటలోని ఆ ఇంటికి వస్తూనే ఉన్నారు. ఆయన చెబుతాడు, వాళ్ళు వింటారు, ఆమె గారెలు వేస్తుంది. ఇవాళ కృపారావు దంపతులు వచ్చారు.

"మెట్లు దిగుతూంటే ఊపిరాడదండీ కృపారావుగారూ. చీకటి. కాపలావాడు గుమ్మం దగ్గర అద్దం పట్టుకుని ఎండని లోపలికి తిప్పేడు. అంతే! గోడల నిండా రాజులూ, రాణులూ! నా ఒళ్ళు జలదరించిందంటే నమ్మండి."

"ఆయ్, అదృష్టవంతులండి మీరు."

విజయకుమారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ మెట్లు దిగింది ఆయన కాదు.

అసలు ఆ యాత్రకి ఆమె వెళ్ళాల్సిందే కాదు. అత్తగారు సువార్తమ్మ వెళ్ళాలి. పాస్‌పోర్టు కాగితాలు పెట్టే వేళకి ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. "నీ బదులు ఇది వస్తుందిలే అమ్మా, నా తిండీ తిప్పలూ చూడ్డానికి ఒకళ్ళుండాలిగా" అన్నాడు ప్రకాశరావు. ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, ఆయన మాత్రలు, ఆయన మఫ్లరు ఉన్న సంచి భుజాన తగిలించుకుని ఆమె బయల్దేరింది. విమానంలో కిటికీ పక్కన ఆయన కూర్చున్నాడు. పిరమిడ్ ముందు ఫొటో తీయించుకుంటూ, "కాస్త పక్కకి జరుగు, సంచి అడ్డంగా ఉంది" అన్నాడు. ఆమె జరిగింది. జరిగి, ఆ రాళ్ళకి ఆనుకుని నిలబడితే ఒక్కో రాయీ ఆమె గుండెల దాకా వచ్చింది. ఇంతంత రాళ్ళు పైకెలా ఎక్కించారో? ఎక్కించినవాళ్ళకి రోజూ వంట ఎవరు చేసేవారో? అడుగుదామంటే గైడు ఆయన వైపు తిరిగి చెబుతున్నాడు.

లక్సర్ అనే ఊరు చేరిన మర్నాడు ఆయనకి కడుపు పాడైంది. హోటలు గదిలో దుప్పటి ముసుగు పెట్టుకుని, "నువ్వెళ్ళు. చూసొచ్చి నాకు చెప్పు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి సంచీ మోయకుండా ఆమె ఒక చోటికి వెళ్ళడం అదే మొదలు. మిగతా యాత్రికులతో పడవలో నది దాటి, ఒక బోడికొండ దగ్గర బస్సు దిగింది. కొండ నిండా గుమ్మాలు. అవి రాజులవి కావట, రాజుగారి పొలాల పెత్తనం చూసిన ఉద్యోగస్తుల సమాధులట. గుమ్మం ముందు ఆమె చెప్పులు విడిచింది. మన సమాధుల తోటలోకి చెప్పులతో ఎవరు వెళ్తారు? కాపలావాడు నవ్వి, తన భాషలో ఏదో అని, ఆ చెప్పుల్ని తీసి నీడలో పెట్టాడు. ఇసకలో చుర్రుమన్న అరికాళ్ళకి లోపలి రాయి చల్లగా తగిలింది. అద్దం వెలుగు పడగానే గోడ మీద చేను కనబడింది. కోసేవాళ్ళు, గంపలు మోసేవాళ్ళు, వాళ్ళ వెనకాల, కోతలో రాలిన కంకుల్ని పరిగె ఏరుకునే ఆడపిల్లలు. ఇద్దరు పిల్లలు జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నారు. ఇంకో పిల్ల కాలు చాపుకుని కూర్చుంటే, ఎదురుగా కూర్చున్న పిల్ల ఆ పాదంలో ముల్లు తీస్తోంది. విజయకుమారి అక్కడే నిలబడిపోయింది. ఈ పిల్ల ఎవరి కూతురో? బొమ్మ వేసినవాడు దీన్ని నిజంగా చేలో చూశాడా? ముల్లు వచ్చిందా, విరిగి లోపలే ఉండిపోయిందా? తోటివాళ్ళు పిలిచేదాకా కదల్లేదు.

ఆ సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చుని అంతా చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా ఉంది. ఆయన విని, "రాజుల దేశం వెళ్ళి కూలోళ్ళ బొమ్మలు చూసొచ్చేవా!" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కొత్తపేట వచ్చాక మాత్రం ఆ మెట్లూ, ఆ అద్దం వెలుగూ ఆయనవైపోయాయి. పొలం పోయి రాజులొచ్చారు. ఇన్ని ఆదివారాలు విని విని, ఒక్కోసారి తను కళ్ళు మూసుకుంటే ఆ గోడ మీద పిల్లల బదులు రాజుగారు కనబడుతున్నాడు. నిన్న ముల్లు తీసే పిల్ల ఏ వైపు కూర్చుందో ఎంతకీ గుర్తు రాలేదు. అందుకే భయం వేసింది ఆమెకి. ఇంకో ఏడాది పోతే తను దిగలేదనే తనకీ అనిపిస్తుందేమో.

"అసలు సంగతి వినండి," ప్రకాశరావు గొంతు పెరిగింది. "మా ఆవిడ సమాధి ముందు చెప్పులు విడిచేసింది! కాళ్ళు కాలి కోతిలాగా గెంతుతుంటే, నేనే రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళేను."

కృపారావు పడీపడీ నవ్వాడు. ఆయన భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గోడవార చాప మీదున్న సువార్తమ్మ నవ్వలేదు.

"ఒరే అబ్బాయ్, మరి లోపల నేల కూడా అలాగే కాలుద్దా?"

"కాలకేంటమ్మా, ఎడారి కదా!"

విజయకుమారి లేచింది. పిండి చేతులతోనే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"కాలదండి అత్తయ్యగారూ. చల్లగా ఉంటుంది. ఆవేళ ఆయనకి ఒంట్లో బాగోలేదండి, హోటల్లో పడుకున్నారు. దిగింది నేనండి."

కృపారావు నవ్వు సగంలో ఆగిపోయింది. ప్రకాశరావు మాత్రం నవ్వడానికి ప్రయత్నించాడు. "దానికేం తెలుసండీ. వెళ్ళు వెళ్ళు, ముందు పిండి సంగతి చూడు."

"ఆయ్, చూస్తానండి. ఇది చెప్పేసి చూస్తాను."

"ఏం చూసేవమ్మాయ్ లోపల?" అంది సువార్తమ్మ.

"పరిగె ఏరుకునే పిల్లలండి."

"పరిగే! ఐగుప్తులోనా?"

"ఆయ్. ఇద్దరు జుట్లు పట్టుకున్నారండి."

"పట్టుకోరేంటి మరి! కంకి చూసింది ఒకర్తి, తీసింది ఇంకోర్తి అయితే!" సువార్తమ్మ పెద్దగా నవ్వింది. "ఐనవిల్లి చేలల్లో నేనూ మా అక్కా అంతే..."

"అమ్మా!" అన్నాడు ప్రకాశరావు. తాలూకాఫీసులో హెడ్ గుమాస్తా తల్లి పరిగె ఏరిందన్న మాట ఆ గదిలో ఎప్పుడూ వినబడలేదు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"ఎందుకేంట్రా? ఏరుకోబట్టే తిన్నాం. నువ్వుండవయ్యా, పిల్లని చెప్పనీ."

"మా అమ్మ కూడా ఏరేదండి," అంది కృపారావు భార్య మెల్లగా. కుర్చీలోంచి దిగి చాప మీదికి వచ్చి కూర్చుంది. "ఇంకేముందండి గోడ మీద?"

విజయకుమారి ముల్లు తీసే పిల్ల గురించి చెప్పింది. ఎలా కూర్చుందో నేల మీద కూర్చుని చూపించింది. సువార్తమ్మ కష్టం మీద మోకాలు సాపు చేసి, పాదం ముందుకి జరిపింది.

"ఇలాగేనా అమ్మాయ్, ముల్లు దిగిన పిల్ల?"

"ఇంకొంచెం ఇటండి. ముల్లు తీసే పిల్ల తల ఇలా వంచుకుని ఉంటుంది."

ఏ వైపో ఇప్పుడు గుర్తొచ్చింది. ఆమె చెబుతూనే ఉంది.

ప్రకాశరావు కుర్చీలోంచి లేచాడు. ఎవరైనా ఉండమంటారేమోనని కాసేపు చూశాడు. తర్వాత కండువా భుజాన వేసుకుని, అరుగు దిగి వీధిలోకి వెళ్ళిపోయాడు.