దూరమా అనాల్సింది

మాది పెడన. చెక్క అచ్చులతో కలంకారీ అద్దటం మా ఇంటి పని. 2003లో కౌలాలంపూర్‌లో చేతిపనుల ప్రదర్శనకి మా అమ్మాయి తనూజని పిలిచారు. పిల్లని ఒక్కదాన్నే పంపితే ఏమవుతుందోనని నేనూ వెంట వెళ్ళాను.

ఆఖరిరోజు శేషగిరిరావుగారు, ఆయన భార్య దుర్గ ఊరు చూపిస్తామన్నారు. ప్రదర్శనలో పరిచయమయ్యారు. వాళ్ళ తాతలు మనవైపు నుంచే రబ్బరు తోటల పనికి అక్కడికి వెళ్ళారట. పొద్దున బయల్దేరేముందు తనూజ చెప్పింది.

"మూడింటికి కాలేజీలో మేడమ్‌ని కలవాలమ్మా. అద్దకం నేర్పే ఉద్యోగం, ఇక్కడే, రెండేళ్ళు. ఆలస్యమైతే ఆవిడ విమానానికి వెళ్ళిపోతుంది, ఇంకొకరికి ఇచ్చేస్తారు."

రెండుసార్లు చెప్పింది. సరేనన్నాను. రెండేళ్ళు. జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఎవడో వెంటపడితే ఎవరికి చెప్పుకుంటుంది? ఊరంతా తిరిగాను గానీ ఏం చూశానో అడగొద్దు. డ్రైవరు లేకుండా నడిచే రైలెక్కించారు. నేను కడ్డీ వదల్లేదు.

"మనూరి ఆటోకి డ్రైవరున్నాడుగా, కాలవలో దించలేదూ?" అంది తనూజ.

"అక్కయ్యా, కళ్ళు తెరవండి, ఊరు అటుంది," అన్నారు శేషగిరిరావుగారు.

రెండుంపావుకి హోటల్లో భోజనాలయ్యాయి. తనూజ సంచీ భుజాన వేసుకుని లేచింది. తోడుగా దుర్గ లేచింది.

"ఎక్కడికే?" అన్నాను.

మా ఇళ్ళలో బయల్దేరే మనిషిని అలా అడగరు. మా ఆయన బట్టల మూట తీసుకుని బందరు వెళ్తున్నా, దూరమా అంటామంతే. పొరపాటున ఎవరైనా అడిగితే మనిషి వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి.

తనూజ ముఖం నల్లబడింది. "టైమవుతోందమ్మా."

"రెండు గుక్కలు తాగి వెళ్ళు తల్లీ." చెయ్యి పట్టుకున్నాను.

"ఇదేం పద్ధతి అక్కయ్యా?" అని దుర్గ నవ్వింది. తనూజ నవ్వలేదు. కూర్చుంది. ఇంగ్లీషు ఎంత మాట్లాడినా నా చేతుల్లో పెరిగిన పిల్లేగా. నీళ్ళు తెచ్చేవాడు ఎంతకీ రాడు. వచ్చేసరికి బయట వాన దంచేస్తోంది. రోడ్డు దాటడానికే పావుగంట పట్టిందట.

సాయంత్రం ఇద్దరూ తడిసి ముద్దయి వచ్చారు.

"మూడుంపావుకి చేరాం అక్కయ్యా. ఆవిడ అప్పుడే వెళ్ళిపోయింది. జైపూర్ అమ్మాయిని తీసుకున్నారట," అంది దుర్గ.

అయ్యో అన్నాను. కానీ అంతకన్నా ముందే నా గుండెల మీద బరువు దిగిపోయింది. అది నా ముఖంలో తెలిసే ఉంటుంది. తనూజ నన్నే చూస్తోంది.

"పొద్దున రెండుసార్లు చెప్పాను," అంది.

"నోరు జారిందమ్మా."

"ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా జారిందా?"

శేషగిరిరావుగారు మా మధ్యకొచ్చి, లైట్లు వేశాక ఇక్కడి జంట టవర్లు చూడాల్సిందే, పదండన్నారు. పొరపాటున అడిగానో, కావాలనే అడిగానో ఒట్టేసి చెప్పమంటే నేను చెప్పలేను. "చూడు, ఒళ్ళు కాలుతోంది," అని తనూజ నుదుటి మీద చెయ్యి వెయ్యబోయాను. నా చెయ్యి తీసేసింది.

"జ్వరం లేదు. రావాలని కోరుకోకు," అని దుర్గ పక్కకి వెళ్ళి నిలబడింది.