లోపలి వైరు

సైకిల్ ఫ్రేము లోపల బ్రేకు వైర్లు ఎందుకు దూర్చాలో నాకు ఈ జన్మకి అర్థం కాదు. బయట ఉంటే కంటికి కనిపిస్తాయి, తెగబోతుంటే ముందే తెలుస్తుంది. నా బావమరిదికి మాత్రం వైరు బయట కనబడితే తన లాగు జారినంత సిగ్గు. షాపు ఇద్దరిదీ. అందుకే రోజూ పేచీ.

ఆ ఉదయం పేచీతో ఆగలేదు. కాసేపట్లో మా అమ్మాయి రేసు. ఏటవాలు కొండదారి. దాని సైకిల్‌కి వీడు వైర్లన్నీ కొత్తగా లోపలినుంచి వేశాడు. వెనక బ్రేకు నొక్కి చూశాను. గీరుకుంటున్నట్టు తగిలింది.

"లోపల తెగుతోందిరా. తీసి చూడాలి."

"కొత్త వైరు, మలుపు దగ్గర బిగుతుగానే ఉంటుంది. దానిమీద చెయ్యేశావంటే విరగ్గొడతా బావా."

"అది నా కూతుర్రా!"

"నాకు మేనకోడలు కాదూ?"

కట్టరు తీసుకుని వెనక బ్రేకు దగ్గర వైరు కత్తిరించేశాను. వాడు స్పానరుతో నా దవడ పగలగొట్టాడు. ఊడిన పన్ను వాడి మొహాన ఉమ్మి, కట్టరు పిడితో కంటిమీద ఒక్కటిచ్చాను. ఇద్దరం టైర్ల దొంతరమీద పడ్డాం. వాడు నా జుట్టు పట్టి తల నేలకేసి బాదుతుంటే, నేను హ్యాండిలు దగ్గర వైరు కొస దొరకబుచ్చుకుని గుంజాను. పేగులా మొత్తం బయటికొచ్చేసింది.

వాడు బాదడం ఆపాడు. లోపలి వైరు లాగేముందు దాని కొసకి దారం కట్టాలి. కొత్త వైరుని ఆ దారమే లోపలికి తీసుకెళుతుంది. లేకపోతే ఆ సందులో పొద్దంతా తడుముకోవాల్సిందే. ఈ సంగతి మా షాపులో చీపురుకి కూడా తెలుసు.

వాడు వైరుని వేళ్ళతో తడిమాడు. నేను కత్తిరించిన చోట తప్ప ఒక్క పోగు తెగలేదు.

"ముత్యంలా ఉంది చూడు!" అని నెత్తురు మొహంతో నవ్వాడు.

వాడిదే నిజమని తేలాక ఇంకా మండింది. రెండో కన్నూ వాచేలా గుద్దాను. వాడు నా కుడిచేతిని బూటుతో తొక్కాడు. వేళ్ళు పటపటమన్నాయి.

"అయిపోయిందా మీ సరసం?"

గుమ్మంలో మా అమ్మాయి, నెత్తిన హెల్మెట్‌తో. గోడకున్న కొత్త వైరు తీసి మా మధ్య విసిరింది. "బయటినుంచే వేసి టేపు చుట్టండి. ఇప్పుడే."

నాకు కుడిచెయ్యి లేదు, వాడికి కళ్ళు లేవు. నేను చెబుతుంటే వాడు చేశాడు.

"కుడికి. ఇంకాస్త కుడికిరా, గుడ్డి సన్నాసీ."

"నోర్ముయ్ బావా, ఉన్న పళ్ళు కూడా రాలతాయి."

అమ్మాయి బ్రేకు నొక్కింది. చక్రం ఠక్కున ఆగింది. "రేసుకి మీరు రావద్దు. ఇద్దరూ!" అని ఎక్కి వెళ్ళిపోయింది.

"నీ మూలానే రావద్దంది," అంటూ వాడు గోడ తడుముకుంటూ వెళ్ళి షట్టరు దించబోయాడు. వీధిలో జనం పోగయ్యారు.

"ఉంచరా," అన్నాను, ఎడమచేత్తో స్పానరు అందుకుంటూ. "బయటే తేల్చుకుందాం."