లోవలక్ష్మి గొంతు

ధవళేశ్వరంలో లోవలక్ష్మి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధి మొదట్లో కేక వేస్తే, చివరింటివాళ్లు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవారు. ఆ కేక విన్న వీరబ్రహ్మంగారు ఒకరోజు ఆమెను ఆపారు. ఆయన ముప్పయ్యేళ్లు నాటకాలాడి, వేషాలు మానేశాక కొత్తవాళ్లకు మాట పలకడం నేర్పుతున్నారు. ఆ ఏడు, 1998లో, రాజమండ్రి నాటక పోటీలకు తల్లి వేషానికి మనిషి దొరకలేదు.

"నాకు చదువు రాదండి," అంది ఆమె.

"చెవులున్నాయిగా. విని చెబుదువుగాని."

సాయంత్రాలు ఆయనింటి వసారాలో పాఠం. పొట్ట మీద చెయ్యి పెట్టించి, ఊపిరి అక్కడ నిండాకే నోరు తెరవమనేవారు. వాక్యం చివరి మాట మింగేస్తే మళ్లీ మొదటినుంచి చెప్పించేవారు. "బార్య కాదు, భార్య," అని ఎన్నిసార్లు అనిపించారో లెక్కలేదు. నెల తిరిగేసరికి ఆమె నెమ్మదిగా మాట్లాడినా వీధిగుమ్మం దాకా స్పష్టంగా వినిపించింది. ఆ రోజు దారి పొడవునా తన డైలాగులే చెప్పుకుంటూ ఇంటికి వెళ్లింది.

రెండో నెలలో గొంతు బొంగురుపోయింది.

"మండుతుందండి మేష్టారూ. పొద్దున్న చేపలకి అరవడం, సాయంత్రం ఇదీ."

"వీధుల్లో అరుపు తగ్గించు."

"అరవకపోతే ఎవరు కొంటారండి?"

పోటీ ఇరవై రోజుల్లో ఉంది. చిన్నప్పుడు తన గురువు అన్న మాటే ఆయనా అన్నారు. "గొంతు ఓసారి విరిగితేనే పదునెక్కుతుంది. సాధన ఆపకు."

ఆమె ఆపలేదు.

పోటీలో రెండో రంగం. కొడుకును ఇంట్లోంచి పొమ్మనాలి. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. మరిచిపోయిందనుకుని తెర పక్కనుంచి ప్రాంప్టర్ మాట అందించాడు. మాట ఆమెకు గుర్తే ఉంది. జనంలో ఎవరో ఈల వేశారు. కాసేపు చూసి తెర దించేశారు.

కాకినాడలో డాక్టరు గొంతులో కాయలు కాశాయన్నాడు. ఆపరేషన్ చేసినా పాత గొంతు వస్తుందని చెప్పలేనన్నాడు. ముందు మూడు నెలలు మాట్లాడకూడదన్నాడు. ఆమె నాలుగో రోజే తట్ట ఎత్తుకుంది. కేక లేకపోవడంతో ఆమె వచ్చి వెళ్లిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు. చేపలు మిగిలిపోయేవి. దసరా నాటికి రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదిరింది.

వీరబ్రహ్మంగారు పాఠాలు మానేశారు. ఒక మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లి, వరుసగా కూర్చున్న ఆడవాళ్లలో ఆమెను వెతికి పక్కకు పిలిచారు.

"తప్పు నాదే లోవలక్ష్మీ. నేను ఆపమనాల్సింది."

ఆమె పెదవులు కదిలాయి. ఐసు పొడి చేసే మిషన్ మోతలో ఆయనకేమీ వినపడలేదు. "ఏంటమ్మా?" అంటూ వంగారు. ఆమె మళ్లీ చెప్పింది. మూడోసారి చెప్పబోయి ఊరుకుంది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, తన వరుసలోకి వెళ్లి కూర్చుంది.