నాన్న చదవని ఆదివారాలు

మా ఊరికి పాస్టరు గారు ఆరు వారాలకొకసారి వచ్చేవారు, అదీ సముద్రం ఒప్పుకుంటేనే. మిగతా ఆదివారాలన్నీ మా నాన్న హానుస్‌వే. వారమంతా గొర్రెలూ పడవా వలలూ. ఆదివారం పొద్దున్నే నల్లకోటు తొడుక్కుని వెళ్ళి గంట కొట్టేవాడు, ప్రసంగాల పుస్తకం తెరిచి ఆ వారం వాక్యమూ దాని మీది ప్రసంగమూ చదివేవాడు. మా ఫారో దీవుల్లో పాస్టరు లేని ఊళ్ళన్నిటా అదే పద్ధతి. చర్చి గోడలకి పూసిన తారు వాసన, తడిసిన ఉన్ని బట్టల వాసన. ఇప్పుడు ఆ ఊళ్ళో చలికాలం నాలుగిళ్ళలోనే దీపాలు వెలుగుతాయి. నేను పట్నంలో ఉంటున్నాను. రేవులో ఎవరైనా పడవకి తారు పూస్తుంటే మాత్రం కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి.

నాకు పదకొండేళ్ళప్పుడు మా అన్న యాకుప్ ఎక్కిన చేపల ఓడ గ్రీన్‌లాండ్ నుంచి తిరిగొస్తూ మునిగిపోయింది. వాడికి పందొమ్మిదేళ్ళు. ఓడలో ఒక్కరూ దక్కలేదు. చావు కబుర్లు తెచ్చేదీ పాస్టరు గారే. ఆయన ఆదివారం కాని రోజున ఊళ్ళోకి నడిచొస్తుంటే, ఈసారి ఎవరింటికో అని ఆడవాళ్ళు కిటికీల దగ్గరే నిలబడిపోయేవారు. ఆ రోజు ఆయన మా ఇంటి ముందు ఆగారు.

ఆ వచ్చిన ఆదివారం కూడా నాన్న చదివాడు. ఆ పై ఆదివారమూ చదివాడు. గొంతు వణకలేదు. ఇనుప మనిషి అన్నారు ఊళ్ళో.

జనవరి చివర్లో తుఫాను వాక్యం వచ్చింది. ప్రభువు పడవలో నిద్రపోతుంటే శిష్యులు హడలిపోయి ఆయన్ని లేపుతారే, అది. శిష్యులు కేకలేసే చోటికొచ్చి నాన్న ఆగిపోయాడు. పుస్తకం మూసేశాడు.

"ఇవాళ నావల్ల కాదు. ఇళ్ళకి వెళ్ళండి" అన్నాడు.

ఒక్కరూ లేవలేదు. చాలాసేపటికి వెనక బల్ల మీంచి ముసలి బిల్లా ఒక కీర్తన ఎత్తుకుంది, శ్రుతి తప్పి. అందరూ అందుకున్నారు. నాన్న పెదవి కదపలేదు.

మధ్యాహ్నం చర్చి తాళంచెవి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు.

"రేపు దీన్ని కొట్టు నడిపే తుమ్మస్‌కి ఇచ్చేస్తాను."

అమ్మ మాలన్ బంగాళాదుంపల తొక్క తీస్తోంది. "ఏం?"

"నా లోపల ఏమీ లేదు మాలన్. ఉన్నట్టు చదవడం అబద్ధం. వాళ్ళు అరిస్తే లేచాడట. మనవాడు అరవలేదంటావా?"

అమ్మ చాకు కింద పెట్టింది. "అరిచే ఉంటాడు. నేనూ రోజూ అరుస్తూనే ఉన్నాను, నీకు వినపడకుండా." మళ్ళీ చాకు అందుకుంది. "సరే, చదవకు. గంట కొట్టు. గంటకి అబద్ధమాడ్డం చేతకాదు."

"కొట్టి?"

"వచ్చి నా పక్కన కూచో. ఆయనతో మాట్లాడ బుద్ధి కాకపోతే మానెయ్. అలిగి కూచో. అలిగినవాడు కూడా ఇంట్లోనే ఓ మూల ఉంటాడు గానీ, ఇల్లొదిలి పోతాడా?"

అలా చదవడం తుమ్మస్ పాలబడింది. పాపం మంచివాడే, కానీ వాక్యం చదివినా ధరల పట్టీ చదివినట్టే ఉండేది. నాన్న గంట కొట్టేవాడు, వచ్చి అమ్మ పక్కన కూచునేవాడు. పాడడు, తల వంచడు. గొర్రెలు ఈనే కాలం వచ్చింది, పోయింది. ఒక్క ఆదివారమూ మానలేదు.

జూన్‌లో తప్పిపోయిన కొడుకు వాక్యం వచ్చింది. కుర్రాడు ఆస్తి పంచుకుని ఇల్లొదిలి పోయాడని చదివిన తుమ్మస్, వేలు తడిచేసుకుని పుట తిప్పాడు. ఆ తర్వాతి మాటకే ఇంట్లో విందు జరుగుతోంది.

"తుమ్మస్!" నాన్న గొంతు. జనమంతా ఉలిక్కిపడ్డారు. "రెండు కాగితాలు తిప్పేశావు."

"ఏంటీ?"

"కుర్రాడింకా ఇంటికి రానేలేదు, నువ్వప్పుడే భోజనాలు పెట్టేస్తున్నావయ్యా!"

ఎవరో కిసుక్కుమన్నారు. తుమ్మస్ మొహం కందగడ్డయింది. "అంత తెలిసినవాడివి నువ్వే చదువుకో! ఈ పుస్తకం గుర్తొస్తే శనివారం నాకు అన్నం సయించడం లేదు, తెలుసా?"

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ ఎటో చూస్తోంది. ఆయన లేచి వెళ్ళి వదిలేసిన పుట దగ్గర్నుంచి మొదలెట్టాడు. కొడుకు ఇంకా దూరాన ఉండగానే తండ్రి చూసి పరుగెత్తే చోట వరస మీద వేలు పెట్టి పట్టుకున్నాడు. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆగలేదు, చివరిదాకా చదివాడు. ఆ రోజు తర్వాత ఊళ్ళో ఎవరూ నాన్నని ఇనుప మనిషి అనలేదు.

ఆ తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్ళు చదివాడు. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక ఒకసారి గడ్డి కోతలకి వెళ్ళినప్పుడు అడిగాను. "నాన్నా, ఆ అయిదు నెలలూ అక్కడ కూచుని ఏమనుకునేవాడివి?"

"కోపం, సున్వా. ఆయన మీద ఒళ్ళు మండిపోయేది." కొడవలికి పదును పెడుతూ నవ్వాడు. "అసలు లేనేలేనివాడి మీద ఎవరికైనా అంత కోపం వస్తుందా? నాలాంటి మొద్దుకి ఆ సంగతి తట్టేసరికి జూన్ అయింది."

చివర్లో చూపు పోయింది, మోకాళ్ళు పోయాయి. అయినా ఆదివారమైతే కోటు వేయమనేవాడు. ఆఖరి ఆగస్టులో, నేనూ ఊళ్ళో ఉండగా, ఒక ఆదివారం పక్కింటి అన్నదమ్ములిద్దరూ ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి చర్చికి తీసుకెళ్ళారు. ప్రసంగం సగంలోనే గురక. అమ్మ మోచేత్తో పొడవబోయి, మానేసి, ఆయన కోటు పైగుండీ సర్దింది.

"ప్రసంగం ఎలా ఉందోయ్?" దారిలో అమ్మని అడిగాడు.

"ఎలా ఉందా? గురకపెట్టావు."

"అయితే బాగుందన్నమాటే!"

ఆ బుధవారం మధ్యాహ్నం మమ్మల్ని కీర్తన పాడమన్నాడు. అమ్మా నేనూ మంచం పక్కన కూచుని పాడాం. మూడో చరణంలో ఆయన పెదవులు కదలడం ఆగిపోయింది. నేను ఆపేయబోతే అమ్మ నా మోకాలి మీద చెయ్యేసి నొక్కింది. మొత్తం ఏడు చరణాలూ పాడాం. అప్పుడు అమ్మ లేచి, పోయిన ప్రాణానికి దారని కిటికీ తెరిచింది.

శుక్రవారం సమాధి చేశాం. పది రోజుల వాన ఆ పొద్దున్నే వెలిసింది. కాఫీలు తాగడం కాగానే ఊరంతా గడ్డి ఎండబెట్టడానికి పరుగెత్తారు. అమ్మ నల్లబట్టల మీదే ఏప్రను కట్టుకుని, తనూ వాళ్ళ వెనకే పొలంలోకి నడిచింది.