సైమన్ వినిపించే పెట్టె

ఆదివారం పొద్దున్నే నారాయణఖేడ్ చర్చిలో చాపలు పరిచాక సంతోషమ్మ బేస్ గిటార్ యాంప్ స్విచ్ వేసేది. గిటార్ శబ్దాన్ని పెంచే పాత ట్రాన్సిస్టర్ల పెట్టె అది, మిషన్ వాళ్లు వదిలివెళ్లింది. దాని మీద వాయించే ఆమె కొడుకు సైమన్ కరువొచ్చిన ఏడాది పనికని కర్ణాటక వైపు వెళ్లి, మళ్లీ కబురు పంపలేదు. కాకపోతే అతనెక్కడుంటే అక్కడి చప్పుడు స్పీకర్‌లోంచి సన్నగా వచ్చేది. ఒక వారం చెరుకు నరికే కత్తి, ఇంకో వారం ఇటుకల లారీ. "గీ వారం బట్టీల ఉన్నట్టుండు" అనుకుని జనం పాటల పుస్తకాలు తెరిచేవాళ్లు. ఒకసారి సైమన్ నవ్వాడు. ఆ రోజు సంతోషమ్మ కడుపునిండా తిన్నది.

2004 వానాకాలంలో యాంప్ గుయ్‌మనడం మొదలుపెట్టింది. పోనుపోను ఆ మోత పెరిగి కొడుకు చప్పుడును మింగేసింది. సంతోషమ్మ పెట్టెను ఆటోలో వేసుకుని, బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే వీరేశ్ దుకాణానికి తెచ్చింది.

"ఏమైంది చిన్నమ్మా?"

"మా సైమన్ ఇనబడ్తలేడు. జెర సూడు బిడ్డా."

వీరేశ్ గిటార్ వైరు పీకాడు. మోత తగ్గలేదు. వాల్యూం సున్నాకి తిప్పాడు. అయినా అంతే.

"ముందటి బోర్డుల లేదు. కరెంటు వచ్చే కాడనే ఉంది లొల్లి" అంటూ వెనక పలక విప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కండెన్సర్ ఒకటి నెత్తి ఉబ్బి ఉంది. అదో కాదో తేల్చుకుందామని స్విచ్ ఆపి, కొత్తదాన్ని దాని పక్కనే క్లిప్పులతో తగిలించి మళ్లీ వేశాడు.

మోత ఆగిపోయింది. ఇనప మంచం కిర్రుమంది. ఎవరో ఊపిరాడక గసపోస్తున్నారు. ఈ దవాఖానలో నీకెవరూ లేరా అని ఒక ఆడమనిషి కన్నడంలో అడిగింది: "బీదర్ దవాఖాన్యాగ నినగ యారూ ఇల్లేనప్పా?"

"ఎవ్వలు లేరు" అన్నాడు సైమన్.

సంతోషమ్మ స్పీకర్ గుడ్డకు మొఖం ఆనించింది. "నేనున్న గద బిడ్డా! నేను సచ్చిన్నా?"

ఆమె మాట అటు పోలేదు. వీరేశ్ షట్టర్ దింపి ఆమెను బీదర్ బస్సు ఎక్కించాడు. తనూ ఎక్కాడు.

వార్డులో చివరి మంచం మీద సైమన్ ఎముకల గూడులా ఉన్నాడు.

"నీకెవలు జెప్పిండ్రే అమ్మా?"

"నువ్వే జెప్పినవ్."

"ఎవ్వలు లేరన్న గద."

"ఇన్న."

అతను గోడవైపు తిరగబోయాడు. ఆమె తిరగనియ్యలేదు. తలను ఒళ్లోకి తీసుకుని, చాయ్‌లో ముంచిన బ్రెడ్డు కొంచెం కొంచెం నోట్లో పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం ఆ ఒళ్లోనే పోయాడు.

ఆ వార్డులో దిక్కులేకుండా పోయినవాళ్లను మున్సిపాలిటీ బండి తీసుకుపోతుంది. సైమన్ మాత్రం కిరాయి జీపు వెనక సీటు మీద, తల్లి తొడ మీద తల పెట్టుకుని బయల్దేరాడు. దారిలో మనూర్ దాటాక వాన మొదలైంది. పక్కనుంచి జల్లు కొడుతుంటే సంతోషమ్మ కొంగు విప్పి అతని మొఖానికి అడ్డం పట్టింది. ఖేడ్ వచ్చేదాకా చెయ్యి దించలేదు.