కట్టొద్దన్న మన్నూబియా

కైరవాన్ పట్టణంలో మన్నూబియా వస్తోందంటే తివాచీలు నేసే ఆడవాళ్ళు పసిపిల్లల్ని దాచేసేవారు. పసితనంలోనే ఎడమ తుంటి జారిన మనిషి, పడవలా ఊగుతూ వచ్చి, చెప్పులైనా విడవకుండా బిడ్డకు చుట్టిన గుడ్డ లాగి పారేసేది. కాళ్ళు చాపి బిగించి చుడితేనే పిల్ల నిటారుగా పెరుగుతుందని అక్కడి నమ్మకం.

"నన్నూ ఇలాగే చుట్టారు. ఇదేనర్రా మీ నిటారు! చూసుకోండి!" అని అరుస్తూ అటూ ఇటూ కుంటి చూపించేది. ఆమె చదివిందల్లా పిల్లల్ని బిగించి చుట్టొద్దని ఆస్పత్రి గోడ మీద అంటించిన బొమ్మల కాగితం. అది కూడా సగమే. మిగతా సగం మీద ఎవరో కుర్చీ ఆనించారు.

అక్క కూతురు రౌదాకు ఆడపిల్ల పుట్టింది. యుస్ర అని పేరు పెట్టారు. ఆ గదిలోకి చుట్టుగుడ్డ రాకుండా మన్నూబియా కాపలా కాసింది. ఒకరోజు పిల్లకు గుడ్డ మారుస్తూ రౌదా అత్తగారు జలీఖా పిలిచింది.

"వదినగారూ, ఈ కాలు చూడండి. తుప్పు పట్టిన తలుపులా తెరుచుకోవట్లేదు."

"చలికి బిగుసుకుంది. కట్టని పిల్లకి తుంటెలా జారుతుంది? నీ మొహం!"

నిజానికి మన్నూబియాకూ కనబడింది. కనబడినా వారం రోజులు నూనె మర్దనా, ఎండా అంటూ నెట్టుకొచ్చింది. ఊరు నవ్వుతుందని భయం. పిల్ల తుంటి కంటే తన పరువే ముఖ్యమనిపించిందని తెలిసినప్పుడు తనకు తానే లెంపకాయ కొట్టుకోవాలనిపించింది. పిల్లను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది, కుంటికాలు పరిగెత్తగలిగినంత.

డాక్టరమ్మ పిల్లను పరీక్షించి, మన్నూబియా బొటనవేలు పట్టుకుని వెనక్కి వంచింది. అది మణికట్టుకు ఆనింది.

"మా అమ్మకీ ఇంతే, రౌదాకీ ఇంతే. అందుకే మా తివాచీ ముడులు అంత వేగం" అంది మన్నూబియా గర్వంగా.

"నువ్వు గర్వపడేదే జబ్బు పిన్నీ. కీలును పట్టి ఉంచే లిగమెంట్లు మీ ఇంటివాళ్ళకి పుట్టుకతోనే వదులు. పడుగు వదులైతే తివాచీ వంకర పోదూ? అలాగే తొడ ఎముక తుంటి గిన్నెలోంచి జారుతుంది. బిగించి చుడితే ఇంకా జారుతుంది, అది నువ్వు చెప్పిందే. కాని చుట్టకపోయినా జారొచ్చు."

డాక్టరమ్మ పిల్ల కాళ్ళు కప్పలా మడిచి, వెడల్పు చేసి, పట్టీలు కట్టింది. "నెలల తరబడి ఉండాలి. విప్పితే తర్వాత ఆపరేషనే."

మర్నాటికి పట్టీలు మంచం కింద ఉన్నాయి.

"కట్టొద్దని నువ్వే కదా పిన్నీ నూరిపోశావు! పిల్ల ఏడుస్తోంది. నేను కట్టను" అంది రౌదా.

"మేం కడితే సంకెళ్ళు, డాక్టరు కడితే వడ్డాణమా?" జలీఖా పొట్ట పట్టుకుని నవ్వింది.

మన్నూబియా బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. తను ఇంత బాగా ఉపన్యసిస్తానని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఆ పాత మాట ఒక్కటి కూడా రౌదా బుర్రలోంచి ఊడి రావడంలేదు.

"ఊళ్ళో అందరి ముందూ అన్నమాట అందరి ముందే వెనక్కి తీసుకో. అప్పుడు వింటుంది" అంది జలీఖా.

ఆడవాళ్ళందరూ కలిసేది హమ్మాంలోనే, ఊరి స్నానశాలలో. ఆవిరి గదిలో నడుముకు తువ్వాలు చుట్టుకుని, వేడి రాతి అరుగెక్కి నిలబడింది మన్నూబియా.

"మా పిల్లకి తుంటి జారింది. ఏ గుడ్డా తగలకుండానే!"

నవ్వులు. ఎవరో చెంబుతో నీళ్ళు కొట్టారు. "అయితే మేం పిల్లల్ని చుట్టొచ్చన్నమాట!"

"చచ్చినా చుట్టొద్దు! కాని చుట్టని పిల్లనీ డాక్టరుకి చూపించండి. ముఖ్యంగా వేళ్ళు వెనక్కి వంగే ఇంటి ఆడపిల్లల్ని."

మాట పొడుగైపోయింది. రెండు వైపులా చెప్పే నినాదం తనలాగే కుంటుతుందని ఆమెకు అప్పుడే అర్థమైంది. అయినా దిగలేదు. నవ్వులు అలిసిపోయేదాకా అదే మళ్ళీ మళ్ళీ అరిచింది. అరుగు మీద ఒక్కొక్కరే బొటనవేళ్ళు వంచి చూసుకోసాగారు.

ఇల్లు చేరేలోపే కబురు చేరింది. రౌదా ముఖం ముడుచుకునే ఉంది, కాని పిల్లకు పట్టీలు కట్టి ఉన్నాయి. మన్నూబియా చేయి చాచబోయింది.

"దూరం!" జలీఖా అడ్డుపడింది. "ఆ చేతులకి కట్లు విప్పడమే వచ్చు."

మన్నూబియా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుంది.