మేకకు చెప్పిన ఏడో ఎక్కం

నన్ను హాస్యనటుడు అనేవారు. ఆకారం చూసినవాళ్ళు హస్తినటుడు అనేవారు. ఒకప్పుడు మలయాళ సినిమాల్లో పాత్రలు వేశాను. ఇప్పుడు కెనడాలో, హామిల్టన్‌లో ఒక ఆసుపత్రి వంటగదిలో పాత్రలు కడుగుతున్నాను. కాబట్టి ఈ సువార్తరాజు వృత్తి మార్చాడంటే ఒప్పుకోను.

ఈమధ్య స్టడీ పర్మిట్ల పుణ్యమా అని మా ఊళ్ళో కేరళ పిల్లలు విమానాలకొద్దీ దిగారు. బస్సెక్కితే మలయాళం, కాఫీకి నిలబడితే మలయాళం. మా వంటగదిలో పార్ట్‌టైముకు చేరిన షెర్లీ అనే కొట్టాయం పిల్ల నన్ను చూసి చేతిలో ట్రే వదిలేసింది. ఒక సినిమాలో సాక్ష్యం కాగితాన్ని నమిలేసిన మేకను ఏడుస్తూ బతిమాలుకునే పోలీసు నేనేనని కనిపెట్టేసింది. ఆ సీను కుర్రాళ్ళు ఇప్పటికీ ఫోన్లలో పంపుకుంటున్నారట. తమ ఓణం పండక్కి వచ్చి స్టేజి మీద ఆ డైలాగు చెప్పాలంది. సరే అన్నాను. పొగడ్త చెవిన పడితే నా తల, బుర్రను అడక్కుండానే ఊగిపోతుంది.

చిక్కేమిటంటే, ఆ డైలాగు నేను ఏనాడూ చెప్పలేదు.

నాకు మలయాళం రాదు. మలా రాదు, యాళమూ రాదు. మద్రాసులో నా బొజ్జ చూసి పిలిచిన డైరెక్టరు, పెదవులు కదిపితే చాలు, మాటలు తర్వాత డబ్బింగులో పెట్టుకుంటామన్నాడు. భాష రానివాళ్ళు కొందరు అంకెలు లెక్కపెట్టేవారు. నర్సాపురం మిషన్ స్కూల్లో బెత్తం కింద చదివినవాణ్ణి కనుక నేను ఎక్కాలు అందుకున్నాను. కోపానికి తొమ్మిదో ఎక్కం, ప్రేమకు రెండోది. ఏడవమంటే ఏడో ఎక్కం. నేను డెబ్భైకి చేరగానే ఎదుటి నటుడు తన మాట ఎత్తుకునేవాడు. మేకకు ఆ బాధ కూడా లేదు. తర్వాత నా పెదవుల కదలికకు సరిపడా ఒకాయన మాటలు రాసేవాడు, ఇంకొకాయన గొంతు ఇచ్చేవాడు. జనం నవ్వింది వాళ్ళకే. బొజ్జ మాత్రం స్వయంగా నాదే.

ఇది షెర్లీకి చెప్పేద్దామనుకునేలోపే నేను స్టేజి ఎక్కుతున్న సంగతి మా అమ్మాయి జెస్లిన్ స్కూలంతా చాటేసింది. ఎవరడిగినా ‘హీ వర్క్స్ ఇన్ హెల్త్‌కేర్’ అని నన్ను దాటేసే పిల్ల, మొదటిసారి నన్ను చూపించడానికి స్నేహితులను హాలుకు పిలిచింది. మా ఆవిడ జ్ఞానవతి జ్వరమని చెప్పేయమంది.

“పిల్ల పరువండీ. మీ పరువంటారా, అది మాకు అలవాటైపోయింది.”

గిన్నెలు తోముతూ షెర్లీ దగ్గర డైలాగు బట్టీ పట్టాను. నా ఉచ్చారణ విని ఆ పిల్ల, అంకుల్, ఇది మా భాషేనా అని మర్యాదగా అడిగింది.

ఆ రోజు హాలంతా బంగారు అంచు చీరలు. ముందు వరసలో జెస్లిన్ ఫోన్ ఎత్తి పట్టుకుంది. మైకు అందుకున్నాను. బట్టీ పట్టినదంతా గిన్నెల నీళ్ళతోపాటే పోయింది. ఒక్క ముక్క లేదు. హాలు ఎదురుచూసింది, దగ్గింది, గుసగుసలాడింది. జెస్లిన్ మెల్లగా ఫోన్ దించేసింది.

ఆ దించడం చూడలేకపోయాను. మోకాళ్ళ మీద కూలబడి, లేని మేక గడ్డం పట్టుకుని బావురుమన్నాను:

“ఏడొకట్ల ఏడు... ఏడు రెళ్ళు పద్నాలుగు...”

నా పెదవుల వంకే చూస్తున్న ఒక కుర్రాడు వెనక వరసలోంచి మలయాళంలో డైలాగు మొదటి ముక్క అందించాడు. నేను ఏడు మూళ్ళకు వచ్చేసరికి హాలు హాలంతా అందుకుంది. నా పెదవులు, వాళ్ళ గొంతులు, ఎక్కడా తేడా రాలేదు. డెబ్భైకి చేరేసరికి కుర్చీలమీద ఒక్కరూ లేరు, నవ్వలేక వంగిపోయారు.

దిగగానే జెస్లిన్ ఎదురొచ్చింది.

“డాడ్, దే న్యూ ఎవ్రీ వర్డ్. బట్ వాట్ వర్ యూ సేయింగ్?”

“ఏడో ఎక్కం, తల్లీ. సెవెన్ టేబుల్. అన్ని సినిమాల్లోనూ అంతే.”

నన్ను ఎగాదిగా చూసింది. ముఖం దాచుకుంటుందేమోనని నేను నేల చూపులు చూస్తున్నాను. ఉన్నట్టుండి పగలబడి నవ్వింది, నా భుజం పట్టుకుని మరీ. నా సొంత మాటకు, నా సొంత గొంతుకు ఇన్నేళ్ళకు దొరికిన మొదటి నవ్వు.

జ్ఞానవతి వెనకనుంచి కోటు అందించింది.

“అదైనా సరిగ్గా చెప్పారా? ఏడెనిమిదులు యాభై నాలుగన్నారు.”